చంద్రుడి దూరం ఒక్క అంకెలో ఎందుకు ఇమడదు

భూమికీ చంద్రుడికీ మధ్య దూరం 3,84,400 కిలోమీటర్లు. బడిలో అందరం బట్టీ పట్టిన అంకె ఇది, తప్పేమీ కాదు. కాకపోతే అది సగటు. చంద్రుడు నెలలో రెండుసార్లు, ఒకసారి దగ్గరికి వస్తూ ఇంకోసారి దూరం జరుగుతూ, ఆ దూరాన్ని దాటుకుని పోతాడే తప్ప అక్కడ నిలకడగా ఉండడు. బాగా దగ్గరికొస్తే 3,56,400 కిలోమీటర్ల దాకా వస్తాడు, బాగా దూరం పోతే 4,06,700 దాకా పోతాడు. తేడా 50 వేల కిలోమీటర్ల పైమాటే, మధ్యలో దాదాపు నాలుగు భూగోళాలు పక్కపక్కన పట్టేస్తాయి. ఇది చాలదన్నట్టు ఆ సగటు కూడా ఏటా 3.8 సెంటీమీటర్లు పెరుగుతోంది.

ఈ రెండు మార్పులనీ చాలామంది కలిపేస్తుంటారు. చంద్రుడు దూరమైపోతున్నాడని ఒక వార్త, ఈ పౌర్ణమికి మనకు దగ్గరగా వస్తున్నాడని ఇంకో వార్త చదివితే ఏది నమ్మాలో తెలీదు మరి. రెండూ నిజమే. నెలనెలా కనిపించే మార్పు కక్ష్య ఆకారం వల్లా, దాన్ని సూర్యుడు నిత్యం కదిలిస్తూ ఉండటం వల్లా వస్తుంది. కోట్ల ఏళ్లలో పేరుకునే మార్పు భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల వస్తుంది. వీటిని విడివిడిగా చూస్తే తికమక ఉండదు.

ముందు అసలు తిరగడం సంగతి. చంద్రుడు భూమి మీద పడిపోకుండా ఎలా ఉన్నాడని అడుగుతుంటారు. నిజానికి పడుతూనే ఉన్నాడు. ఒక్క సెకనులో చంద్రుడు సుమారు ఒక కిలోమీటరు ముందుకు పోతాడు, అదే సెకనులో భూమి వైపు 1.4 మిల్లీమీటర్ల లోపే పడతాడు. అంత పొడుగు దారిలో ఆ కాస్త వంపు, సెకను తర్వాత సెకను పేరుకుంటూ పోతే, 27 రోజుల చిల్లరలో ఒక చుట్టు పూర్తవుతుంది. అదే దూరంలో సెకనుకు 1.4 కిలోమీటర్ల పైన వేగం ఉంటే భూమిని వదిలేసి వెళ్లిపోయేవాడు. మరీ నెమ్మదిగా ఉంటే వచ్చి గుద్దుకునేవాడు. ఈ రెండిటి మధ్య ఏ వేగమైనా కక్ష్యే అవుతుంది, కానీ అది నిండు వృత్తం కావాలంటే సరిగ్గా ఒకే ఒక్క వేగం, సరిగ్గా ఒకే దిశ కుదరాలి. కొంచెం అటూఇటూ అయినా దీర్ఘవృత్తమే. అందుకని ఏ ఉపగ్రహమైనా గ్రహానికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉందంటేనే, ఎందుకలా ఉందని ఆరా తీయాలి.

దీర్ఘవృత్తం అనగానే పుస్తకాల్లో కోడిగుడ్డులా సాగదీసిన బొమ్మ వేస్తారు, దాంతో లేనిపోని అపోహ ఒకటి స్థిరపడిపోయింది. కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. చంద్రుడి అసలు కక్ష్యని అదే సైజులో గీస్తే పొడుగు వైపు 10 సెంటీమీటర్లు ఉంటుంది, పొట్టి వైపు అంతకన్నా 0.15 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గుతుంది. పెన్సిల్ గీత మందమే దానికంటే ఎక్కువ. అంటే కంటికి అది వృత్తమే. మరి 50 వేల కిలోమీటర్ల తేడాలో పెద్ద భాగం ఎక్కడ్నుంచి వస్తోంది? భూమి ఆ వృత్తం నడిమధ్యలో లేకపోవడం నుంచి. అదే కాగితం మీద భూమి చుక్కని కేంద్రం నుంచి అయిదున్నర మిల్లీమీటర్లు పక్కకి పెట్టాలి. ఆ పక్కకి జరగడమే అసలు లెక్కలో 21 వేల కిలోమీటర్లు. చంద్రుడు ఒక వైపు వచ్చినప్పుడు ఆ 21 వేలు తగ్గుతుంది, అవతలి వైపు పోయినప్పుడు అంతే పెరుగుతుంది.

దగ్గరికి వచ్చినప్పుడు వేగం పెరుగుతుంది, దూరం పోయినప్పుడు తగ్గుతుంది. కెప్లర్ గ్రహాల విషయంలో కనిపెట్టిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. చంద్రుడి వేగం దగ్గర్లో సెకనుకు 1.08 కిలోమీటర్లు, దూరంలో 0.97. ఈ తేడా వల్ల ఒక తమాషా జరుగుతుంది. చంద్రుడు తన చుట్టూ తాను తిరగడం మాత్రం ఒకే వేగంతో సాగుతుంది, కక్ష్యలో నడకేమో ఒక వారం ముందుకు ఉరికి ఇంకో వారం వెనకబడుతుంది. ఈ రెండూ సరిగ్గా పొసగక చంద్రుడి ముఖం మనకు కొద్దిగా అటూఇటూ తిప్పినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ఊగిసలాటలన్నీ కలిపి చూస్తే, చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడని మనం చెప్పుకున్నా, నెలల తరబడి గమనించేవాళ్లకి సగం కాదు, 59 శాతం ఉపరితలం కనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది భూమి, చంద్రుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదనుకుంటే. అసలు చిక్కంతా సూర్యుడితో వస్తుంది. చంద్రుడిని భూమి లాగే బలం కంటే సూర్యుడు లాగే బలం రెట్టింపు పైనే ఉంటుంది. వినగానే నమ్మబుద్ధి కాదు, అలాగైతే చంద్రుడు ఎప్పుడో సూర్యుడి దగ్గరికి పోవాలి కదా అనిపిస్తుంది. పోడు, ఎందుకంటే సూర్యుడు భూమిని కూడా దాదాపు అంతే గట్టిగా లాగుతున్నాడు, ఇద్దరూ కలిసే సూర్యుడి చుట్టూ పడుతున్నారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఆ రెండు లాగుళ్ల మధ్య ఉండే చిన్న తేడా మాత్రమే. భూమి నుంచి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దాకా భూమి పట్టు నిలుస్తుంది, ఆ అవతల ఏ ఉపగ్రహాన్నీ భూమి ఎక్కువ కాలం నిలుపుకోలేదు. చంద్రుడు ఆ హద్దులో నాలుగో వంతు దూరంలోనే ఉన్నాడు కాబట్టి భద్రంగా ఉన్నాడు. భద్రంగా ఉన్నాడు గానీ కుదురుగా లేడు.

సూర్యుడి వల్ల జరిగేది ఏంటంటే, కక్ష్య పొడుగు వైపు సూర్యుడికి గురిపెట్టి ఉన్న రోజుల్లో కక్ష్య ఇంకొంచెం సాగుతుంది, అడ్డంగా ఉన్న రోజుల్లో ఆ సాగుడు తగ్గుతుంది. అందుకే చంద్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చే దూరం కూడా ప్రతి నెలా ఒకేలా ఉండదు. ఒక నెల 3,56,400 కిలోమీటర్లు, ఇంకో నెల 3,70,400 దాకా ఉండొచ్చు. తమాషా ఏమిటంటే అవతలి కొసలో ఈ మార్పు అంతగా ఉండదు, 4,04,000 నుంచి 4,06,700 లోపే. పైగా ఆ పొడుగు వైపు కూడా ఒకే దిక్కున ఉండిపోదు, మెల్లగా తిరుగుతూ 8.85 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది. దీనివల్లే నక్షత్రాల లెక్కన చంద్రుడికి ఒక చుట్టు 27.32 రోజులైతే, దగ్గరి బిందువు నుంచి మళ్లీ దగ్గరి బిందువుకి రావడానికి 27.55 రోజులు పడుతుంది. ఆ బిందువు ఈలోగా కాస్త ముందుకు జరిగిపోయి ఉంటుంది కదా, దాన్ని అందుకోవాలి.

ఈ 8.85 ఏళ్ల లెక్క దగ్గర న్యూటన్ అంతటివాడే తడబడ్డాడు. తన గురుత్వాకర్షణ సూత్రంతో లెక్కిస్తే ఆ పొడుగు వైపు తిరిగే వేగం అసలులో సగమే వచ్చింది. తర్వాత అలెక్సిస్ క్లెరో అనే ఫ్రెంచ్ గణితవేత్తకీ అదే సగం వచ్చింది, దాంతో 1747లో ఆయన న్యూటన్ సూత్రాన్నే కొంచెం సవరించాలేమో అనేదాకా వెళ్లాడు. మళ్లీ 1749లో, సమీకరణంలో చిన్నవని వదిలేసిన భాగాలను కూడా కలిపి లెక్క చేసి, సూత్రం సరైనదేనని ఒప్పుకున్నాడు. సూర్యుడు, భూమి, చంద్రుడు అనే మూడు వస్తువుల లెక్క ఇంత మొండిది.

సూపర్‌మూన్ వార్తల వెనకున్న విషయం ఇదే. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరసలో ఉంటారు. చంద్రుడు దగ్గరి బిందువుకి వచ్చే రోజు ఆ రోజే అయితే, కక్ష్య పొడుగు వైపు కూడా సూర్యుడి వైపే గురిపెట్టి ఉన్నట్టు లెక్క, కాబట్టి మామూలు కంటే ఇంకా దగ్గరికి వస్తాడు. 2016 నవంబర్ 14న పౌర్ణమి చంద్రుడు 3,56,509 కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 1948 తర్వాత ఏ పౌర్ణమికీ అంత దగ్గరికి రాలేదు, మళ్లీ అంతకన్నా దగ్గరికి వచ్చేది 2034 నవంబర్‌లో. అయినా ఈ హడావుడి చాలావరకు మాటల్లోనే ఉంటుంది. అతి దూరపు పౌర్ణమితో పోలిస్తే వెడల్పులో 14 శాతం, వెలుగులో 30 శాతం పెరుగుదల కాగితం మీద పెద్దదే గానీ, పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు లేనప్పుడు కంటికి ఆ తేడా పట్టుబడదు. ఉదయించేటప్పుడు చంద్రుడు పెద్దగా కనబడటానికీ దూరానికీ అసలు సంబంధమే లేదు, అది మన మెదడు చేసే మాయ. చెప్పాలంటే నడినెత్తికి వచ్చినప్పటికన్నా ఉదయించేటప్పుడే మనకు దాదాపు భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు, ఎక్కువ దూరంలో ఉంటాడు.

నిజంగా తేడా పడేది సముద్రానికి. ఆటుపోట్లు లేపే బలం దూరం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి అతి దూరంతో పోలిస్తే అతి దగ్గర్లో ఆ బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. సూర్యగ్రహణాల్లోనూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గర్లో ఉన్న చంద్రుడు సూర్యుడిని పూర్తిగా కప్పేయగలడు. దూరంగా ఉన్నప్పుడు అడ్డొస్తే చాలడు, చుట్టూ ఉంగరంలా వెలుగు మిగిలిపోతుంది, అదే వలయాకార గ్రహణం.

మిగతా గ్రహాల దగ్గరికి పోతే ఈ కథలు ఇంకా విచిత్రంగా ఉంటాయి. గురుగ్రహం ఉపగ్రహం అయో దాని నుంచి 4,21,700 కిలోమీటర్ల దూరంలో ఉంది, అంటే మన చంద్రుడి కంటే కాస్తే ఎక్కువ. కానీ చంద్రుడికి 27 రోజులు పట్టే పనిని అయో 1.77 రోజుల్లో ముగించేస్తుంది, ఎందుకంటే గురుగ్రహం భూమికి 318 రెట్లు బరువు. లెక్క ఎవరైనా చేసి చూసుకోవచ్చు: గ్రహం ద్రవ్యరాశి 318 రెట్లు పెరిగితే తిరిగే కాలం దాని వర్గమూలం, అంటే దాదాపు 17.8 రెట్లు తగ్గుతుంది. దూరం కాస్త ఎక్కువైనందుకు 15 శాతం కలుపుకోవాలి. 27.32ని 17.8తో భాగించి 15 శాతం కలిపితే 1.77 దగ్గరికే వస్తుంది.

అయో దూరం ఒక చుట్టులో మారేది సుమారు 3,400 కిలోమీటర్లే, మన చంద్రుడితో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఆ కొంచెమే దాని గతి మార్చేసింది. దగ్గరికి వచ్చినప్పుడు గురుగ్రహం దాన్ని గట్టిగా సాగదీస్తుంది, దూరం పోతే వదులుతుంది, రెండు రోజులు తిరక్కుండానే మళ్లీ అదే. ఈ పిసుకుడుకి లోపలి రాయి కరిగిపోతుంది. 1979 మార్చిలో స్టాంటన్ పీల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు అయో లోపల ఇలా కరిగి ఉండాలని లెక్కకట్టి ప్రచురించారు, కొద్ది రోజుల తేడాతోనే వాయేజర్-1 వ్యోమనౌక తీసిన ఫొటోల్లో అక్కడ అగ్నిపర్వతం చిమ్ముతూ కనిపించింది. మామూలుగా అయితే ఇలాంటి రాపిడి కక్ష్యని క్రమంగా గుండ్రంగా చేసేసి తానే ఆగిపోవాలి. ఆగనివ్వనిది పక్కనున్న యూరోపా, గానిమీడ్. అయో నాలుగు చుట్లు తిరిగేలోగా యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి, ప్రతిసారీ అవే చోట్ల ఎదురుపడి లాగడం వల్ల అయో కక్ష్య గుండ్రంగా కాలేకపోతోంది.

దూరం మారడంలో రికార్డు లాంటిది చూడాలంటే నెప్ట్యూన్ దగ్గరికి పోవాలి. 1949లో జెరార్డ్ కైపర్ కనిపెట్టిన నెరీడ్ ఒక చుట్టు తిరగడానికి 360 రోజులు తీసుకుంటుంది, ఆ లోపల దాని దూరం దాదాపు 14 లక్షల కిలోమీటర్ల నుంచి 96 లక్షల దాకా మారుతుంది. ఏడు రెట్లు! అదే నెప్ట్యూన్ పెద్ద ఉపగ్రహం ట్రైటన్ మాత్రం కొలతకు దాదాపు అందనంత గుండ్రటి కక్ష్యలో తిరుగుతుంది, కానీ ఎదురు దిశలో. నెప్ట్యూన్‌తో పాటు పుట్టినదైతే అలా ఎదురు తిరగదు కాబట్టి, బయట్నుంచి వచ్చి చిక్కుకుందని, మొదట్లో బాగా సాగి ఉన్న కక్ష్య కాలక్రమేణా రాపిడికి గుండ్రమైందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

శనిగ్రహం దగ్గర జానస్, ఎపిమిథియస్ అనే రెండు చిన్న ఉపగ్రహాలది ఇంకో రకం. రెండూ దాదాపు ఒకే కక్ష్యలో ఉన్నాయి, వాటి కక్ష్యల మధ్య తేడా 50 కిలోమీటర్లు, వాటి వెడల్పే అంతకన్నా ఎక్కువ. లోపలిది కొంచెం వేగంగా పోయి బయటిదాన్ని అందుకోబోతుంది. గుద్దుకుంటాయేమో అని టెన్షన్ పడాల్సిన సమయం, కానీ గుద్దుకోవు. ఇంకా వేల కిలోమీటర్లు ఉండగానే, ముందున్నది వెనకదాన్ని ముందుకు లాగుతుంది, వెనకది ముందుదాన్ని వెనక్కి లాగుతుంది. ముందుకు లాగబడినదానికి శక్తి చేరి అది పై కక్ష్యకి ఎక్కుతుంది, పై కక్ష్యలో నడక నెమ్మది కాబట్టి వెనకబడిపోతుంది. వెనక్కి లాగబడినది కిందికి దిగి వేగం పుంజుకుని ముందుకు పోతుంది. అలా చోట్లు మార్చుకుని విడిపోతాయి, నాలుగేళ్లకోసారి ఇదే తంతు.

ముందుకు తోస్తే వెనకబడటం అనే ఈ తిరకాసు అర్థమైతే మన చంద్రుడి 3.8 సెంటీమీటర్ల సంగతి సగం అర్థమైనట్టే. చంద్రుడి ఆకర్షణకు భూమి మీద నీళ్లు, కొంతవరకు నేల కూడా, ఉబ్బుతాయి. భూమి 24 గంటల్లో తిరిగేస్తుంది, చంద్రుడేమో 27 రోజుల మనిషి, అందువల్ల ఆ ఉబ్బుని భూమి తనతో పాటు చంద్రుడి కంటే కొంచెం ముందుకు ఈడ్చుకుపోతుంది. ముందున్న ఆ ఉబ్బు చంద్రుడిని ముందుకు లాగుతుంది. శక్తి చేరి చంద్రుడు పైకి ఎక్కుతాడు, నెమ్మదిస్తాడు. ఆ శక్తి ఊరికే రాదు, భూమి తిరుగుడులోంచి పోతుంది. మన రోజు వందేళ్లకు సుమారు 2 మిల్లీసెకన్ల చొప్పున పొడుగవుతోంది. 40 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల్లో రోజువారీ పెరుగుదల గీతలు లెక్కపెట్టి, అప్పట్లో ఏడాదికి సుమారు 400 రోజులు ఉండేవని 1963లో జాన్ వెల్స్ చూపించాడు. ఏడాది పొడవు మారలేదు, రోజే పొట్టిగా ఉండేది, 22 గంటల దగ్గర్లో.

ఏడాదికి 3.8 సెంటీమీటర్లని ఎలా కొలిచారంటే, 1969లో అపోలో-11 వ్యోమగాములు, ఆ తర్వాత అపోలో-14, 15 వాళ్లు చంద్రుడి మీద అద్దాల పలకలు పెట్టి వచ్చారు, సోవియట్ లూనోఖోద్ బండ్ల మీద కూడా అలాంటివి ఉన్నాయి. ఇక్కడ్నుంచి లేజర్ కొడితే అది తగిలి తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, ఆ సమయం నుంచి దూరం తేలిపోతుంది. కానీ ఈ రేటు ఎప్పుడూ ఇంతే అనుకుని వెనక్కి లెక్కపెడితే బోల్తా పడతాం. చంద్రుడు దగ్గరున్న కొద్దీ ఆ లాగుడు బలపడుతుంది కాబట్టి, ఇప్పటి రేటుని ఆధారం చేసుకుని పాత కాలానికి పోతే సుమారు 150 కోట్ల ఏళ్ల కిందటే చంద్రుడు భూమిని తాకి ఉండాలి. చంద్రుడి రాళ్ల వయసేమో 400 కోట్ల ఏళ్లు దాటింది. అసలు విషయం సముద్రాలది. ఖండాలు ఇప్పుడున్న అమరికలో సముద్రాలు ఆటుపోట్లకు బాగా ఊగుతున్నాయి, అందుకే ఇప్పటి రేటు ఎక్కువ. పాత కాలంలో సగటున ఇంతకంటే బాగా తక్కువే.

ఏ ఉపగ్రహం దూరం పోతుంది, ఏది దగ్గరికి వస్తుంది అన్నది దీన్నిబట్టే చెప్పేయొచ్చు. గ్రహం తిరిగే వేగం కంటే ఉపగ్రహం చుట్టే వేగం తక్కువైతే ఉబ్బు ముందుంటుంది, ఉపగ్రహం దూరం పోతుంది. ఎక్కువైతే ఉబ్బు వెనకబడి వెనక్కి లాగుతుంది, ఉపగ్రహం కిందికి దిగుతుంది. అంగారకుడి ఫోబోస్ రెండో రకం. అంగారకుడి రోజు 24 గంటల 37 నిమిషాలైతే ఇది 7 గంటల 39 నిమిషాల్లోనే చుట్టేస్తుంది, అక్కడ నిలబడి చూస్తే పడమర ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. ఏటా సుమారు 1.8 సెంటీమీటర్లు కిందికి దిగుతోంది, మూడు నుంచి అయిదు కోట్ల ఏళ్లలో నేలను గుద్దుకోవడమో, అంతకుముందే ముక్కలై అంగారకుడి చుట్టూ వలయంగా మారడమో ఖాయం. దాని జోడీ డీమోస్ 30 గంటలకు ఒకసారి తిరుగుతుంది కాబట్టి అది బయటికే పోతుంది. ట్రైటన్ ఎంతో దూరంలో ఉన్నా ఎదురు దిశలో తిరుగుతోంది గనక దానికీ దిగడమే రాసుంది, కాకపోతే వందల కోట్ల ఏళ్ల పని. శని ఉపగ్రహం టైటన్ ఏటా 11 సెంటీమీటర్లు దూరం జరుగుతోందని 2020లో తేలింది, అంతకుముందు వేసుకున్న అంచనాకు సుమారు వంద రెట్లు.

ఈ జరుగుడు ఆగే చోటు కూడా ఒకటుంది. ప్లూటో, దాని ఉపగ్రహం కేరన్ 19,600 కిలోమీటర్ల దూరంలో ఉండి, 6.39 రోజులకు ఒక చుట్టు తిరుగుతాయి. ప్లూటో తన చుట్టూ తాను తిరగడానికీ సరిగ్గా 6.39 రోజులే, కేరన్‌కీ అంతే. ఉబ్బు ముందుకీ పోదు, వెనక్కీ పోదు, ఎదురెదురుగా నిలిచిపోయింది, కాబట్టి లాగి దూరం మార్చే బలం మిగల్లేదు. భూమి, చంద్రుడు కూడా లెక్క ప్రకారం అటే పోతున్నారు గానీ, అక్కడికి చేరడానికి పట్టే కాలం సూర్యుడికి మిగిలిన ఆయుష్షు కంటే చాలా ఎక్కువ.